కొలనుపాక నుంచి అలంపురం దాకా: అన్నతో ఆరు రోజులు

మొదటి రోజు, బుధవారం: కొలనుపాక

మా అన్న పేరు సైదులు, దర్గా మీద పెట్టిన పేరు. మా ఇంటి దేవుడు యాదగిరి నర్సింహస్వామి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కున పుట్టినవాళ్లకు ఈ రెండు మాటల్లో ఇచ్చంత్రం ఏమీ తోచదు. హైదరాబాద్‌లో నాతో పనిచేసేవాళ్లకు మాత్రం ప్రతిసారీ విడమరిచి చెప్పాల్సి వస్తుంది.

అన్నకు మనుమడు పుడితే జాన్‌పహాడ్ దర్గాలో కందూరు, అంటే మేకను కోసి అక్కడే వండి పెట్టే మొక్కు, చేస్తానని అమ్మ మొక్కుకుంది. పిల్లవాడికి ఐదో నెల వచ్చింది. శుక్రవారం కందూరు. నేను వారం సెలవు పెట్టి రెండు రోజుల ముందే వచ్చి అన్న కారెక్కాను. మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ దేవుడు ఏ దారిన వచ్చాడో, ఎవరి రాజ్యం కూలితే ఏ గుడిలో దీపం ఆరిందో వరసగా కళ్లతో చూడాలని ఎన్నేళ్లుగానో కోరిక. "నేను బండి నడుపుత, నువ్వు చెప్పుకుంట రా" అన్నాడు అన్న.

ఆలేరు దాటి కాసేపటికే కొలనుపాక. ఇప్పుడు చూస్తే మామూలు పల్లె. కల్యాణి చాళుక్యుల కాలంలో, అంటే 11వ శతాబ్దంలో, ఇది పెద్ద రాజధానీ పట్టణం. తమిళ దేశం నుంచి దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడు తాను గెలిచిన ఊళ్ల వరసలో 'కొల్లిప్పాకై' అని దీని పేరు శాసనానికి ఎక్కించాడు. ఆ చోళుడూ శివభక్తుడే, ఇక్కడి చాళుక్యులూ శివుణ్ణి కొలిచినవాళ్లే. దండయాత్ర అనగానే ఒక మతం మీదికి ఇంకో మతం వచ్చిందనుకునే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. కొలనుపాక ఆ అలవాటును మొదట్లోనే సరిచేస్తుంది.

జైన మందిరం తళతళలాడుతోంది. లోపల ఆకుపచ్చటి మహావీరుడు. నాలుగడుగుల పైచిలుకు విగ్రహం, మొత్తం ఒకే పచ్చరాయితో చేసిందని చెబుతారు. నేను చాలాసేపు చూసింది మాత్రం విగ్రహాన్ని కాదు, చుట్టూ ఉన్న మనుషుల్ని. గుజరాతీ వినపడింది, మార్వాడీ వినపడింది. మొక్కేవాళ్లలో తెలుగు మాట్లాడిన వాళ్లు మేమిద్దరమే. వెయ్యేళ్ల కింద ఇక్కడి మనిషే జైనుడు, ఇక్కడి భాషలోనే దేవుణ్ణి పిలిచాడు. ఇవాళ తీర్థంకరుడు ఉన్నచోటనే ఉన్నాడు, ఆయన్ను కొలిచే తెలుగువాడు లేడు. ఒక మతం వెనక్కి తగ్గడమంటే ఇట్లా ఉంటుందన్నమాట.

తెలుగు జైనులు ఎటు పోయారన్నదానికి జవాబు అక్కడికి దగ్గర్లోనే సోమేశ్వరాలయంలో ఉంది. వీరశైవుల ఆచార్యుడు రేణుకాచార్యుడు ఆ లింగంలోంచే పుట్టాడని వాళ్ల నమ్మకం. పాలకుర్తి ఇక్కడికి మరీ దూరం కాదు, పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆయన చెప్పిన శివభక్తుల కథల్లో జైనులు ఎప్పుడూ ఓడిపోయేవాళ్లే. చాలామంది మెడలో లింగం వేసుకుని కొత్త దారిలో కలిసిపోయి ఉంటారు. అందరికీ అంత సులువుగా జరగలేదు. శ్వేతాంబర జైనుల తలలు నరికానని 1512 నాటి శ్రీశైల శాసనంలో ఒక వీరశైవ నాయకుడు గొప్పగా చెప్పుకున్నాడు. గుడి ఆవరణలో పెట్టిన పాత శిల్పాల మధ్య నిలబడి అన్నకు ఇది చెబితే, "శివుని పేరు మీదనా?" అని ఒక్క మాట అడిగాడు. ఆలేరు వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

రెండో రోజు, గురువారం: ఫణిగిరి

తిరుమలగిరి మీదుగా పొద్దున్నే ఫణిగిరి చేరాం. ఊరి వెనక కొండ, పడగ విప్పిన పాములా ఉంటుందని ఆ పేరు. ఊళ్లో రామాలయం. కొండెక్కితే బౌద్ధం.

ఎండ ఇంకా ముదరలేదు. మెట్లు, బండలు, మధ్యలో పల్లేరు ముళ్లు. పైన స్తూపం గుండ్రటి పునాది, దాని చుట్టూ భిక్షువులు ఉన్న గదుల గోడలు మోకాలెత్తున, వరసగా నిలబెట్టిన రాతి స్తంభాలు. ఒక ఇటుక పక్కన చెయ్యి ఆనించి చూశాను. నా మోచేయి నుంచి దాదాపు వేళ్ల కొస దాకా వచ్చింది. అన్న వ్యవసాయం మానేసిన రోజుల్లో రెండేళ్లు ఇటుకబట్టీ నడిపాడు. వంగి గోకి చూసి, "వడ్లపొట్టు కలిపిన్రు, సూడు" అన్నాడు. నిజమే, కాలిపోయిన పొట్టు ఆనవాళ్లు సన్నటి గీతల్లా కనపడుతున్నాయి. రెండు వేల ఏళ్ల కిందటి మేస్త్రీ పనిని అన్న ఒక్క చూపులో గుర్తుపట్టాడు. నేను చదివిన వ్యాసాల్లో ఆ ముక్క లేదు.

సాతవాహనుల కాలం, ఇక్ష్వాకుల కాలం కలిపి మూడు నాలుగు వందల ఏళ్లు ఈ కొండ వెలిగింది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం ఇక్కడ దొరికింది. ప్రధాన వైద్యుడు ఒకాయన ధర్మచక్రాన్ని నిలబెట్టిన సంగతి అందులో ఉంది. ఇక్కడి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి వచ్చాయి. 2024లో తవ్వినప్పుడు ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు. సన్యాసులున్న కొండ మీద అంత చిల్లర ఎందుకుంది? ఈ మఠాలు వర్తకుల దారుల మీద బతికాయి కాబట్టి. బిడారులు ఆగేవి, వర్తకులు దానాలు చేసేవాళ్లు. రోము దేశంతో వ్యాపారం పడిపోయింది, నాలుగో శతాబ్దం మొదట్లో ఇక్ష్వాకుల రాజ్యమూ పోయింది. పల్లవులు వచ్చారు. కొండ మీదికి బియ్యం మూట ఎక్కించేవాళ్లు తగ్గిపోయారు.

ఈ కొండను ఏ సైన్యమో వచ్చి తగలబెట్టిందని చెప్పే ఆధారాలేవీ లేవు. అదే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. కత్తికి ఎదురు తిరిగిన మతాన్ని జనం వందల ఏళ్లు గుండెల్లో దాచుకుంటారు. పోషణ ఆగి ఎండిపోయినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నాకు అనిపించేది ఇది: భిక్షువు కొండ మీద ఉన్నాడు, పూజారి ఊళ్లో ఉన్నాడు. పురుడుకు, పెళ్లికి, చావుకు ఊరికి కావలసింది ఊళ్లో ఉన్నవాడే. రాజు పోయిన రోజు భిక్షువును ఆపుకోవడానికి ఊరికి అవసరం పడలేదు.

దిగేటప్పుడు రామాలయంలో గంట మోగింది. అన్న కిందనుంచే దండం పెట్టాడు. రాత్రికి సూర్యాపేటలో పడక.

మూడో రోజు, శుక్రవారం: జాన్‌పహాడ్

తెల్లారేసరికి మా ఊరి నుంచి ట్రాలీ ఆటోలో అమ్మ, వదిన, కోడలు, పిల్లవాడు, ఇద్దరు మేనత్తలు, ఒక మేకపోతు, గిన్నెలు, కట్టెలు, బియ్యం అన్నీ నేరేడుచర్ల మీదుగా దర్గాకు చేరిపోయాయి. మేం వెళ్లేసరికి మూడు రాళ్ల పొయ్యి అంటుకుంది.

జాన్‌పహాడ్ గురించి ఏటా జనవరిలో ఉర్సు రోజుల్లో పేపర్లన్నీ 'మతసామరస్యానికి ప్రతీక' అని రాస్తాయి. ఆ మాట అబద్ధం కాదు కానీ, పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మకు అది ఏమీ చెప్పదు. ఆమెకు ఇది సామరస్యం కాదు, మొక్కు. అన్న కంటే ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోసారి నెల తప్పినప్పుడు ఎవరో చెబితే నాన్న ఆమెను ఎడ్లబండి మీద ఇక్కడికి తెచ్చాడు. దర్గా చూసుకునే ముజావరు నెమలీకల కట్టతో ఆమె తల మీద, భుజాల మీద తట్టి, ఊదు పొగ పట్టి, "పో అమ్మా, దేవుడిస్తడు" అన్నాడట. పుట్టినవాడు బతికాడు. ఈ దర్గా సైదుల పేరే పెట్టారు.

షహీదులైన వీరులు ఇక్కడ సమాధి అయ్యారని జనం చెప్పుకునే కథ. వాళ్లు ఎవరి పక్షాన ఏ యుద్ధంలో పడ్డారో మా అమ్మకు పట్టదు. నాకు పట్టింది పేరు. సయ్యద్ అంటే ప్రవక్త వంశం వాడని. అరబ్బీ మాట అది, పారశీకం మీదుగా, ఢిల్లీ మీదుగా, బహమనీల దండులతో, గోల్కొండ కుతుబ్‌షాహీలతో ఇటు వచ్చింది. వచ్చి మూసీ, కృష్ణ కలిసే ఈ దాపున ఏమైంది? సైదు అయింది. దానికి మన వాళ్లు ఒక 'లు' తగిలించారు. రాముడు రాములు అయినట్టు, నర్సింహుడు నర్సింహులు అయినట్టు, వెంకటేశ్వరుడు వెంకటేశ్వర్లు అయినట్టు సైదులు. దేవుణ్ణి గౌరవంగా పిలవడానికి తెలుగు నోటికి తెలిసిన పద్ధతి అదే. ఏ రాజూ ఫర్మానా ఇవ్వలేదు, ఏ మౌల్వీ చెప్పలేదు. నల్లగొండ పల్లెల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదాచారి. కులానికొకరు దొరుకుతారు.

గెలిచినవాళ్లు తెచ్చినవన్నీ ఇంత మెత్తగా కలవలేదు. మా తాతకు రజాకార్ల పేరు చెబితే మెడ నరాలు బిగుసుకునేవి. 1948కి ముందు ఆయన రాత్రిళ్లు జొన్నచేలల్లో పడుకున్న మనిషి. పోలీసు చర్య తర్వాత ఏ పాపం ఎరగని ముస్లిములు పడ్డ బాధ కూడా ఆయనే చెప్పేవాడు. అదే తాత శుక్రవారం శుక్రవారం పది పన్నెండు మైళ్లు నడిచి ఈ దర్గాకు వచ్చేవాడు. నిజాం వేరు, సైదులు వేరు ఆయనకు. ఏలినవాడి మతాన్ని ఆదుకున్నవాడి మతంతో ఆయన ఎన్నడూ కలపలేదు. ఇప్పటి చదువుకున్నవాళ్లం ఆ రెంటినీ వేరు చేసి చూడలేకపోతున్నామే అని నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

ముజావరు ఫాతెహా చదివి మేకను హలాల్ చేశాడు. కూర ఉడికాక గిన్నెలో మొదటి వాటా దర్గాలోకి పోయింది. పూల చాదర్ ఒక కొస అన్న, ఒక కొస నేను పట్టుకున్నాం. పిల్లవాణ్ణి సమాధి ముందు చాప మీద పడుకోబెట్టారు. నెమలీకలు మొహానికి తగలగానే ఏడుస్తాడనుకున్నాం, పట్టుకోవడానికి చేతులు చాపాడు. వదిన కొబ్బరికాయ కొట్టింది. కుంకుమ భరిణ కూడా తెచ్చింది. ఎవరూ వద్దనలేదు. పక్క పొయ్యి వాళ్లది కోదాడ దగ్గర ఊరు, ఇంకో పొయ్యి లంబాడా తండా వాళ్లది. కూరలు అటూ ఇటూ మారాయి.

నాలుగో రోజు, శనివారం: నాగార్జునసాగర్

అమ్మ వాళ్లను ఊరికి పంపి సాగర్ వచ్చాం. లాంచీలో నాగార్జునకొండకు పోతుంటే, అడుగున ఒక పట్టణం ఉందని అన్నకు చెప్పాను. విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దానాలు ఇచ్చింది. అంతఃపురం ఆడవాళ్లు చాలామంది అదే దారి. యజ్ఞం చేసే అన్న, బుద్ధుణ్ణి కొలిచే చెల్లె, ఒకే ఇంట్లో. అదే లోయలో శివాలయం, కార్తికేయుడి గుడి, భిక్షువుల విహారాలు పక్కపక్కన. ఆ కాలానికి దీన్ని ఎవరూ వింతగా చూసినట్టు లేదు.

1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని రాయి రాయి విప్పి పైకి చేర్చారు. 1955లో ఆనకట్టకు పునాది పడింది, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. స్తూపమూ మునిగింది, శివాలయమూ మునిగింది. ఈసారి గెలిచినది ఏ మతమూ కాదు.

అన్న నీళ్లలోకి చూస్తూ, "గీ నీళ్లే గదరా మన ఎడమ కాల్వల పారేది" అన్నాడు. మా పొలం ఆ కాల్వ కిందిదే. మేం తిన్న ప్రతి ముద్దలో ఆ మునిగిన ఊరి వాటా ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. మ్యూజియం త్వరగా చూసి మళ్లీ లాంచీ ఎక్కాం. సాయంత్రం నందికొండ దగ్గర బుద్ధవనం కూడా తిరిగాం. 2022లో తెరిచారు. బాగుంది, కానీ ఫణిగిరి ఇటుక దగ్గర ఉన్న ఒణుకు అక్కడ కలగలేదు.

ఐదో రోజు, ఆదివారం: దేవరకొండ, జడ్చర్ల, పాలమూరు

పద్మనాయకుల దేవరకొండ కోటను రోడ్డు మీద నుంచే చూశాం. చర్చికి పోయేవాళ్లు తెల్లచీరల్లో, చేతిలో బైబిలుతో రోడ్డు పక్కన నడుస్తున్నారు. నల్లగొండకు 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీజెన్ అనే మెన్నొనైట్ క్రైస్తవ శాఖ బోధకుడు భార్యతో కలిసి వచ్చాడు. రష్యా ఏలుబడిలోని నేల నుంచి నిజాం రాజ్యానికి. వెనక సైన్యం లేదు, ఇక్కడ ఏలేది క్రైస్తవుడూ కాదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మాల మాదిగలను తన పక్కన కూర్చోబెట్టుకునే దేవుడు దొరికాడు వాళ్లకు. కత్తి లేకుండా మతం వ్యాపించిందంటే ఆ చోట అంతకుముందే ఏదో గాయం ఉందని అర్థం. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందని 1950 ఉత్తర్వు అంటుంది. అందుకే ఎన్నో ఇళ్లలో ప్రార్థన యేసుకు, కాగితం మీద పేరు ఎల్లయ్యదే.

జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి. నిలువెల్లా ఇటుకే. జైనాలయం అది. జైనులు పోయాక కట్టినవాళ్ల పేరు కూడా పోయింది. ఊరు మాత్రం గుడిని వదిలిపెట్టలేదు, ఒక గొల్లత్త కథ అల్లి దాన్ని తమదిగా చేసుకుంది. తీర్థంకరుల విగ్రహాలు ఇప్పుడు పాలమూరు పిల్లలమర్రి మ్యూజియంలో ఉన్నాయి.

పిల్లలమర్రి దగ్గర పొద్దు గూకేదాకా ఉన్నాం. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు, మూడెకరాల మేర పాకింది. చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. దిగే ఊడలను గొట్టాల్లోంచి పోనిచ్చి నేలకు అందించారు. అన్న ఒక గొట్టం దగ్గర ఆగి లోపలికి తొంగి చూశాడు. ఊడ సన్నగా, తడిగా, మట్టి వైపు పోతోంది. చెట్టు నీడన ముస్లిం సాధువుల, అంటే వలీల, సమాధులు. పక్కనే శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన రాజరాజేశ్వరాలయం. ఆ పక్కన మ్యూజియంలో జైన తీర్థంకరులు. ఒకరు చెట్టు నీడకు వచ్చారు, ఒకరు నీటికి దడిచి వచ్చారు, ఒకరు కొలిచేవాళ్లు లేక వచ్చారు.

ఆరో రోజు, సోమవారం: అలంపురం

బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి అలంపురం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మలది, లోపల ఉన్నవి లింగాలు. వీటిలో ఎక్కువ గోపురాలు మన దక్షిణాది తీరుగా ఉండవు. ఉత్తరాది పద్ధతిలో నిలువుగా లేచి పైన ఉసిరికాయ ఆకారం మోస్తాయి. రాజులు గెలిచిన దేశాల నుంచి పద్ధతులనూ తెచ్చుకుంటారు మరి. విశ్వబ్రహ్మ ఆలయం గోడలో జాలీ కిటికీ ఒకటి ఉంది. దాని గుండా పడ్డ ఎండ నేల మీద చుక్కల ముగ్గులా పరుచుకుంది. అన్న చెప్పులు విడిచి ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.

ఇక్కడ గాయం పైకే కనపడుతుంది. జోగులాంబ అమ్మవారి పాత గుడి బహమనీల దాడిలో కూలిందని చెబుతారు. అమ్మవారిని బాలబ్రహ్మ ఆలయంలోకి చేర్చి ఆరు వందల ఏళ్లు అక్కడే కొలిచారు. 2005లో పాత చోట కొత్త గుడి లేచింది. ఆ గుడికి, నవబ్రహ్మలకు దగ్గర్లోనే షా అలీ పహిల్వాన్ దర్గా. దాడి నిజం. దాడి తర్వాత తరతరాలు ఆ దర్గాలో చక్కెర చదివించిన హిందూ ఇళ్లూ నిజం. మొదటిది చెప్పి రెండోది మింగేవాళ్లూ ఉన్నారు, రెండోది చెప్పి మొదటిది దాచేవాళ్లూ ఉన్నారు. రెండు రకాల వాళ్ల మీదా నాకు కోపమే. ఆరు వందల ఏళ్లు తల్లిని పక్కింట్లో దాచుకున్న ఊరికి ఆ రెండూ కలిపి చెప్పే హక్కుంది.

ముందు దర్గాలో అగరొత్తులు వెలిగించాం. తర్వాత కొత్త గుడిలో అమ్మవారిని చూసుకుని బాలబ్రహ్మ దగ్గరికి వచ్చాం. సోమవారం కావడంతో వరస పెద్దదే. మనుమడి పేర అర్చన చేయించాలని అన్న టికెట్టు తీసుకున్నాడు, వాడికి ఇంకా పేరు పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటి పెద్ద పేరు చెప్పమన్నాడు పూజారి. అన్న గోత్రం చెప్పి, కొంచెం ఆగి, పేరు చెప్పాడు.

"సైదులు నామధేయస్య, సకుటుంబస్య, క్షేమ స్థైర్య..."

గొంతు ఎక్కడా తడబడలేదు. హారతి ఇచ్చి, కుంకుమ అన్న అరచేతిలో పెట్టి, వెనక నిలబడ్డ ఆమెను గోత్రం అడుగుతున్నాడు అప్పటికే.